పొగ రాని బండికైనా ఊరి అనుమతి కావాలి

రామగిరి: కొండల్లోను, బీళ్ళలోను సినిమాలు, ఫొటోలు తీసేవారి చేతికి కొత్త వాహనం ఒకటి వచ్చింది. అది కరెంటుతో నడిచే మట్టిదారి మోటారు సైకిలు. పట్నాల్లో దీనిని ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ అంటున్నారు. దీనికి పెట్రోలు పోయనక్కరలేదు. పొగ రాదు. చప్పుడు నామమాత్రం. మేకలు ఎక్కే గుట్టను సైతం ఎక్కగలదు. కెమెరా పట్టుకున్న మనిషిని వెనుక కూర్చోబెట్టుకుని పరుగెత్తే గుర్రం పక్కనే పోగలదు.

రామగిరి, చెన్నేకొత్తపల్లి, రొద్దం, కనగానపల్లి మండలాల గుట్టలు, వాటి మీది గాలిమరలు, కింద ఎర్రమట్టి చేలు ఇటువంటి చిత్రీకరణకు ఎంత అనువైనవో వేరుగా చెప్పనక్కరలేదు. బెంగుళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బయలుదేరి పెనుకొండ దాటి వస్తే మూడు, మూడున్నర గంటల్లో ఇక్కడికి చేరవచ్చు. కనుక నేడు కాకపోతే రేపు ఈ బండ్లు ఈ గుట్టలకు వస్తవి. వచ్చిన తరువాత దారికి అడ్డం నిలబడి తగాదా పడటం కంటె, రాకముందే గ్రామాలు కూర్చుని తమ కట్టుబాట్లు తాము నిర్ణయించుకోవటం మేలు. అసలే వద్దనటం తెలివి కాదు. ఊరికే వదిలివేయటం అంతకంటె తెలివి కాదు.

కెమెరా కొండెక్కిన తీరు

వెనుకటి రోజుల్లో కెమెరా కొండ చేరటం సామాన్యమైన పని కాదు. కర్ణాటకలోని రామనగరం రాతి గుట్టల మధ్య 1973లో హిందీ చిత్రం 'షోలే' చిత్రీకరణ మొదలయింది. అక్కడ రామ్‌గఢ్ అనే ఊరినే సెట్టుగా కట్టారు. సామాను చేరవేయటానికి బెంగుళూరు రహదారి నుంచి ఆ సెట్టు దాకా ప్రత్యేకంగా రోడ్డు వేశారు. చిత్రం 1975 ఆగస్టు 15న విడుదలయింది. ఆ గుట్టలలో కొంత భాగాన్ని 2012లో రాబందుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. చిత్రం వచ్చి అర్ధ శతాబ్దం గడిచినా ఆ గుట్టలను చూడటానికి జనం ఇంకా వెళుతూనే ఉన్నారు.

ఆ కాలంలో కెమెరా కదలాలంటే నేల మీద పట్టాలు పరిచి, వాటి మీద ట్రాలీని తోసేవారు. గుట్టల మీద పట్టాలు పరచటం కుదరదు. జీపులో పెడితే ప్రతి రాయికీ బొమ్మ అదురుతుంది. అమెరికాలో గారెట్ బ్రౌన్ అనే ఆయన 1970లలో స్టెడీకామ్ అనే సాధనం తయారుచేశాడు. మనిషి నడిచినా, పరుగెత్తినా కెమెరా అదరకుండా నిలిపే సాధనం అది. 1976లో విడుదలయిన చిత్రంలో దానిని తొలిసారి వాడారు. నేడు అదే పని చేసే సాధనాలు చేతిలో పట్టేటంత చిన్నవై, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ల దగ్గర కూడా కనిపిస్తున్నవి. అదురును నిలిపే సాధనం చేతికి వచ్చిన తరువాత మిగిలిన కొరత, దానిని గుట్ట మీద వేగంగా తీసుకుపోయే వాహనం. ఆ కొరతను ఈ కరెంటు బండి తీరుస్తున్నది.

దీని వెల, బరువు కూడా తేలికవుతున్నవి. సుర్‌రాన్ అనే చైనా కంపెనీ చేసే చిన్న బండి సుమారు 50 కిలోలు మాత్రమే. ఇద్దరు మనుషులు ఎత్తి గట్టు దాటించవచ్చు. బెంగుళూరులోని అల్ట్రావయొలెట్ కంపెనీ 2025 మార్చిలో షాక్‌వేవ్ అనే బండిని ప్రకటించింది. దాని బరువు 120 కిలోలు. ఇదే తరహా పెట్రోలు బండ్లు 160 కిలోలకు దగ్గరగా ఉంటవి. పొరుగు నగరంలోనే తయారవుతున్నదంటే ఇది దూరదేశపు ముచ్చట కాదని గ్రహించాలి.

చప్పుడు లేకపోతే ఒరిగేదేమిటి?

పెట్రోలు ఇంజను లోపల క్షణానికి ఎన్నోసార్లు పేలుడు జరుగుతుంది. ఆ అదురు బండికి, బండి నుంచి కెమెరాకు పాకుతుంది. కరెంటు మోటరు తిరుగుతుందే గాని పేలదు. గేర్లు మార్చే పని, క్లచ్చి పట్టే పని చాలా బండ్లలో ఉండదు. మనిషి నడక వేగంతో పొమ్మన్నా ఆగిపోకుండా పోతుంది. నటుడు నడిస్తే నడుస్తుంది, పరుగెత్తితే పరుగెత్తుతుంది. సినిమావారికి కావలసింది సరిగా ఇదే.

రెండవది మాటల సంగతి. తెలుగు చిత్రాల్లో చాలావరకు మాటలను తరువాత స్టూడియోలో చెప్పించి అతికిస్తారు. అందువల్ల చిత్రీకరణ చోట ఇంజను మోగినా పెద్ద నష్టం ఉండదు. కాని నటులు అక్కడికక్కడ పలికిన మాటలనే ఉంచే పద్ధతి కూడా పెరుగుతున్నది. 2001లో వచ్చిన 'లగాన్' చిత్రాన్ని గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో అలాగే తీశారు. అటువంటి చోట పెట్రోలు బండి కూతవేటు దూరంలో ఉన్నా పనికిరాదు. కరెంటు బండి పక్కనే నడవగలదు.

అడవి జంతువులను, పక్షులను చిత్రించేవారికి ఈ లాభం మరీ ఎక్కువ. దక్షిణాఫ్రికాలో జంతువులను దొంగచాటుగా వేటాడేవారిని పట్టుకోవటానికి అటవీ సిబ్బంది చేతికి కరెంటు డర్ట్ బైకులు ఇచ్చారు. స్వీడన్‌కు చెందిన కేక్ అనే కంపెనీ అక్కడి వన్యప్రాణి కళాశాలతో కలిసి వాటిని రూపొందించింది. పెట్రోలు బండి చప్పుడు మైలు దూరాన విని వేటగాళ్ళు పారిపోయేవారు. పైగా అడవి లోపలికి పెట్రోలు మోయటమే ఒక పని అయ్యేది. కరెంటు బండిని సూర్యరశ్మి పలకలతో అక్కడే చార్జి చేసుకోవచ్చు. ఆ కథకు ఒక కొసమెరుపు కూడా ఉంది. ఆ కేక్ కంపెనీ 2024లో దివాలా తీసింది. బండి ఎంత గొప్పదయినా, కంపెనీ నిలవకపోతే బ్యాటరీ, విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తవనే ప్రశ్న మిగులుతుంది. అప్పు చేసి బండి కొని అద్దెకు తిప్పుదామనుకునే యువకులు ఈ సంగతి మరువరాదు.

బోరు మోటరు లెక్కలో

కరెంటు బండి అనగానే ఎంత కరెంటు కాలుతుందో అనే సందేహం రైతుకు రావటం సహజం. పైన చెప్పిన బెంగుళూరు బండి బ్యాటరీలో పట్టేది 4 యూనిట్లు. అంటే అయిదు గుర్రాల బోరు మోటరు సుమారు గంటసేపు నడిస్తే కాలే కరెంటు. ఆ మాత్రంతో 165 కిలోమీటర్లు పోవచ్చునని కంపెనీ లెక్క. అది పరీక్షలో తేలిన లెక్క అని గుర్తుంచుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇసుక వంకలో దిగబడినప్పుడు, ఇద్దరు మనుషులతో కెమెరా మోసేటప్పుడు అంత దూరం రాదు. వచ్చిన బృందం మధ్యాహ్నానికల్లా కరెంటు కోసం చుట్టుపక్కల చూడక తప్పదు.

ఇక్కడే గ్రామం మెలకువగా ఉండాలి. వ్యవసాయానికి ఇచ్చే ఉచిత కరెంటు పంట కోసం ఇచ్చినది. ఎవరో నాలుగు డబ్బులు ఇస్తామన్నారని బోరు స్టార్టరు దగ్గర తీగలు తగిలించి బండికి చార్జి పెట్టనిస్తే, ఆ రైతు మీద కేసు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మీటరు ఉన్న ఇంటి నుంచో, దుకాణం నుంచో తీసుకుని యూనిట్లకు లెక్కగట్టి డబ్బు చెల్లించటమే పద్ధతి.

బ్యాటరీతో చెలగాటం తగదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాదులోను ఇళ్ళలో చార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయిన సంగతి పత్రికలు చదివినవారికి తెలిసిందే. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నిబంధనలను కట్టుదిట్టం చేసింది. అయినా దెబ్బ తిన్న బ్యాటరీని, నాసిరకం చార్జరును నమ్మరాదు. గుట్ట మీద పడి రాళ్ళకు గుద్దుకున్న బండిని ఆ రాత్రి గడ్డివామి పక్కన గాని, నిద్రించే గదిలో గాని చార్జికి పెట్టరాదు.

కల్పవల్లి నేర్పిన పాఠం

పొగ రాదు, చప్పుడు లేదు కనుక ఈ బండి వల్ల హాని లేదని చెప్పేవారు ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ ప్రాంతానికి వేరెవరూ చెప్పనక్కరలేదు. గాలిమర కూడా పొగ విడవదు. బొగ్గు కాల్చదు. అయినా దానిని కొండ మీద నిలబెట్టేటప్పుడు ఏమయిందో ముష్టికోవెల పరిసరాల గ్రామస్థులకు తెలుసు.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలయింది. ఆ సంస్థ తోడ్పాటుతో ముష్టికోవెల, చుట్టుపక్కల గ్రామాలవారు 1990ల తొలి సంవత్సరాల నుంచి బోడి గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. మంట పడకుండా కాపలా కాశారు. విత్తనాలు చల్లారు. నీరు నిలిచే కట్టలు వేశారు. క్రమంగా బోదగడ్డి పెరిగింది, ఈతచెట్లు లేచినవి, వంకల్లో నీరు ఎక్కువ నెలలు నిలవసాగింది. తోడేళ్ళు, జింకలు తిరిగి వచ్చినవి. కప్పుకు బోద, మేతకు గడ్డి, చీపురు పుల్ల, ఈత ఆకు ఊళ్ళకు దొరకసాగినవి. వేల ఎకరాల ఆ భూమికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు.

2010 తరువాత ఆ గుట్టల మీదికి గాలిమరలు వచ్చినవి. ప్రభుత్వ లెక్కల్లో అది బంజరు భూమి. భారీ రెక్కలు మోసే లారీలు ఎక్కటానికి గుట్టల నడుము వెడల్పాటి దారులు కోశారు. తవ్విన మట్టిని వాలు మీదికి తోశారు. వాన పడినప్పుడు ఆ మట్టి వంకల్లోకి, కుంటల్లోకి దిగింది. చెట్లు పోయినవి. మేత దారులు తెగినవి. వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. కరెంటు దేశానికి అవసరమే, గాలి కరెంటు మంచిదే. కాని మంచి పని అనే పేరు మీద ఊరిని అడగకుండా చేస్తే మంచి పని కూడా చెరుపు చేస్తుందని ఆ గుట్టలు చెబుతున్నవి.

ఒక మోటారు సైకిలును గాలిమర లారీతో పోల్చటం అతిశయోక్తి అని కొందరు అనవచ్చు. ఒక్క బండి ఒక్కసారి పోతే నిజంగానే ఏమీ కాదు. కాని సినిమావారు ఒక దృశ్యాన్ని ఒక్కసారి తీసి ఊరుకోరు. బాగా వచ్చేదాకా పదిసార్లు, ఇరవైసార్లు అదే వాలు మీద ఎక్కి దిగుతారు. గుబ్బల టైరు గడ్డి వేళ్ళను పెరికివేస్తుంది. రాతి మీద జానెడు మందం కూడా లేని ఎర్రమట్టి అది. టైరు గాడి ఆ వాన నీటికి కాలువ అవుతుంది. ఈ ఏడాది వేలెడు లోతు ఉన్న గాడి మరు సంవత్సరానికి మూరెడు గండి అవుతుంది. వాన తక్కువయిన జిల్లాలో కురిసిన నాలుగు చినుకులూ ఇలా మట్టిని కోసుకుపోవటం కంటె నష్టం మరొకటి లేదు. అందాన్ని చిత్రించటానికి వచ్చినవారే ఆ అందాన్ని చెరిపిపోవటం విడ్డూరం కాక మరేమిటి?

దీనికి పరిష్కారం దూరాన లేదు. గాలిమరల కోసం కోసిన దారులు ఎలాగూ ఉన్నవి. బండి దారులు, వంక గట్లు ఉన్నవి. కరెంటు బండికి వాటికి మించిన దారి అక్కరలేదు. ఉన్న దారి దిగకుండా తీయగలిగితే రామగిరి గుట్టల అందం అంతా కెమెరాలో పడుతుంది. కొత్త వాలు మీద కొత్త గాడి తీయనివ్వకూడదు. జీపులు, జనరేటర్లు, లారీలు ఎక్కే చిత్రీకరణ కంటె రెండు తేలిక బండ్లతో జరిగే చిత్రీకరణ ఎంతో నయమని కూడా ఒప్పుకోవాలి. వేసవిలో ఎండుగడ్డిలో పెట్రోలు బండి సైలెన్సరు వేడికి మంట లేచే ప్రమాదం ఉంటుంది. కరెంటు బండికి ఆ బాధ లేదు. దాని మీద కూర్చున్నవారు బీడీ, సిగరెట్టు కాల్చి పారవేస్తే మాత్రం ఏ బండి అయినా ఒకటే.

జీవాల వేళ, కెమెరా వేళ ఒకటే

ఉమ్మడి అనంతపురం జిల్లా జీవాల పెంపకానికి పేరు పొందినది. వాన మొహం చాటేసి చెనిక్కాయ పంట పోయిన ఏడు, ఎన్నో కుటుంబాలను నిలబెట్టేది గొర్రెల మందే. ఆ మంద పొద్దున గుట్ట ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. ఫొటోలు తీసేవారికి కావలసిన వెలుతురు కూడా సరిగా ఆ రెండు వేళలదే. ఏటవాలు ఎండలో గుట్టలు బంగారంలా మెరిసేది అప్పుడే. కనుక ఘర్షణ వచ్చేది ఒకే దారిలో, ఒకే వేళలో.

పెట్రోలు బండి వస్తుంటే గొర్రె ముందే విని పక్కకు జరుగుతుంది. కాపరి చేయి అడ్డం పెడతాడు. చప్పుడు లేని బండి మలుపులో హఠాత్తుగా ఎదురైతే మంద చెదరిపోతుంది. చూలు గొర్రెలు తొక్కిసలాటలో పడతవి. పశువు బెదిరి గట్టు దూకితే కాలు విరుగుతుంది. కట్టెల మోపుతో దిగే ఆడవారికి, చెవులు మందగించిన ముసలివారికి వెనుక బండి ఉన్నదనే తెలియదు. ఇది ఊహించి చెప్పే భయం కాదు. యూరప్ దేశాల్లో 2021 నుంచి కొత్తగా అమ్మే ప్రతి కరెంటు కారూ నెమ్మదిగా పోయేటప్పుడు చప్పుడు చేసి తీరాలని నిబంధన పెట్టారు. చప్పుడు లేకపోవటమే ప్రమాదమని పెద్ద దేశాలే గుర్తించినవి.

ఇక్కడి ఉపాయం ఇంకా చవక. ఎద్దు మెడలో కట్టే గంట ఒకటి బండికి కట్టితే సరిపోతుంది. దృశ్యం తీసే ఆ రెండు నిమిషాలు మాత్రమే గంట విప్పాలి. ఆ సమయంలో దారికి అటొకరు, ఇటొకరు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడాలి. మంద వస్తే చిత్రీకరణే ఆగాలి గాని మంద ఆగకూడదు.

కానరాని గోతులు

ఈ బండ్లకు రామగిరిలో మరొక ముప్పు ఉంది. ఇది బంగారు నేల. పూర్వకాలపు తవ్వకాల ఆనవాళ్ళు ఈ ప్రాంతంలో ఉన్నవి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో తెల్లవారి కంపెనీలు ఇక్కడ బంగారం తవ్వినవి. తరువాత ప్రభుత్వ రంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ తవ్వకాలు సాగించింది. ఆ సంస్థ 2001లో మూతపడింది. గని పని పోయింది గాని తవ్విన నేల అలాగే ఉంది. కంప పెరిగి కప్పేసిన గొయ్యి పొరుగూరివాడికి కనిపించదు. కెమెరా అద్దంలో చూస్తూ వేగంగా పోయేవాడికి అసలే కనిపించదు. ఏ గుట్టన ఏముందో తెలిసింది రోజూ జీవాలు తోలే కాపరికి. అతడు ముందు నడవకుండా గని పరిసరాల్లోకి ఏ బండినీ పోనివ్వకూడదు.

పేరూరు జలాశయం ఎండినప్పుడు దాని అడుగు నేల కూడా బండ్లు నడపటానికి మైదానంలా కనిపిస్తుంది. పైకి ఎండినట్టు ఉన్న ఒండ్రు కింద బురద ఉండవచ్చు. అక్కడా ఊరివారి మాటే వినాలి.

ఊరికి మిగిలేదేమిటి?

చిత్రీకరణ బృందాలు తెల్లవారకముందే వచ్చి, చీకటి పడ్డాక వెళ్ళిపోతే ఊరికి మిగిలేది దుమ్ము, ప్లాస్టిక్ సీసాలు. గండికోట వంటి చోట్లకు పెద్ద చిత్రాల వారు వస్తున్నారు. అక్కడికి వచ్చేవారిలో కొందరైనా ఇటు తిరిగితే మంచిదే. అయితే ఆ రాకలో ఊరికి వాటా ఉండాలి.

ఆ వాటా దానంగా రాకూడదు, పనికి కూలిగా రావాలి. దారి చూపే కాపరికి రోజు కూలి, వంట చేసేవారికి సొమ్ము, కాపలా నిలబడేవారికి సొమ్ము ఇవ్వాలి. గుట్టల మీద బండి నడపటంలో ఇక్కడి యువకులకు ఉన్న చేతివాటం పట్నంవాడికి రాదు. లైసెన్సు ఉన్నవాడికి కొన్నాళ్ళు శిక్షణ ఇస్తే కెమెరా బండి నడిపే పని అతడికే దక్కుతుంది. ధర్మవరం పట్టుచీరలకు దేశమంతటా పేరుంది. ఆ చీరలను కొండల నేపథ్యంలో అందంగా ఫొటోలు తీసి పెట్టే స్థానిక ఫొటోగ్రాఫరు ఉంటే నేతగాడికీ, ఫొటోగ్రాఫరుకూ ఇద్దరికీ బేరం పెరుగుతుంది. దానికోసం బెంగుళూరు నుంచి మనుషులు రానక్కరలేదు.

చట్టం సంగతి కూడా యువకులు తెలుసుకోవాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగం మించని, పావు కిలోవాటుకు లోపు శక్తి గల చిన్న బండికే రిజిస్ట్రేషను మినహాయింపు ఉన్నది. డర్ట్ బైకులు ఆ హద్దును ఎన్నో రెట్లు దాటుతవి. నంబరు ప్లేటు లేనిదానిని లారీలో తెచ్చి గుట్ట దగ్గర దింపుకోవాలే గాని ఊరి రోడ్డు మీద నడపరాదు. హెల్మెట్టు, బూట్లు లేకుండా, వెనుక కెమెరా మనిషిని తాడుతో కట్టుకుని విన్యాసాలు చేయటం సాహసం అనిపించుకోదు, తెలివితక్కువతనం అనిపించుకుంటుంది.

గ్రామసభ చేయవలసిన పని

ముందుగా భూమి ఎవరిదో తేల్చుకోవాలి. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరూ ఎక్కరాదు. ప్రభుత్వ భూమి అయితే రెవెన్యూ వారిని, గాలిమరల దారి అయితే కంపెనీ వారిని, పట్టా భూమి అయితే రైతును అడగాలి. ఈ అనుమతులన్నీ కాగితం మీద ఉన్నా ఊరి మాట లేకపోతే అవి నిండు అనుమతులు కావు. ఎందుకంటే గుట్ట కాగితం మీద ఎవరిదయినా, దాని మీద బతికేది ఊరే.

గ్రామసభలో తీర్మానించుకోదగిన షరతులు ఇవి. ఏ దారిలో నడపాలో ముందే చూపించాలి, దారి దిగరాదు. బండ్ల సంఖ్యకు హద్దు ఉండాలి. వాన కురిసిన వారం గుట్ట ఎక్కరాదు. చెనిక్కాయ పీకే రోజుల్లో చేల దారుల్లో తిరగరాదు. జీవాలు ఎక్కే, దిగే వేళల్లో దారి మందదే. కాపరిని వెంట తీసుకుపోవాలి, అతడి కూలి ముందే చెప్పాలి. కరెంటుకు యూనిట్ల లెక్కన చెల్లించాలి. కొంత సొమ్ము ముందుగా పంచాయతీలో జమ కట్టి రశీదు తీసుకోవాలి. వెళ్ళేటప్పుడు దారి చూసి, చెత్త ఏరి, గాడి పడితే పూడ్చిన తరువాతనే ఆ సొమ్ము వాపసు చేయాలి. పంచాయతీకి వచ్చిన రుసుము ఎంతో, దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డు మీద రాయాలి. ఆ సొమ్ము ఇద్దరు ముగ్గురు పెద్దల జేబుల్లోకి పోయేటట్టయితే ఈ కట్టుబాట్లు పెట్టుకుని ప్రయోజనం లేదు.

ఇన్ని షరతులు పెడితే ఎవరు వస్తారని కొందరు వెనుకాడవచ్చు. రామనగరం గుట్టలకు యాభై ఏళ్ళ తరువాత కూడా జనం వెళుతున్నారంటే ఆ గుట్టలు నిలిచి ఉండబట్టే. గాడులు పడి, మట్టి జారి, బోడిగా మారిన కొండను చిత్రించటానికి ఎవరూ రారు. షరతులకు ఒప్పుకోని బృందం రాకపోవటం ఊరికి నష్టం కాదు. ఒప్పుకుని వచ్చే బృందం మర్యాదగా పని చేసుకుపోతుంది, మరుసటి ఏడు మళ్ళీ వస్తుంది.

మండల అధికారులు, అటవీ శాఖవారు, సర్పంచులు కలిసి కూర్చుంటే ఇది ఒక్క పూట పని. గాలిమరల రోజుల్లో ఊరిని అడిగినవారు లేరు, ఊరూ సమయానికి గొంతు విప్పలేదు. ఈసారి వచ్చే బండికి చప్పుడే లేదు. అది వచ్చిన సంగతి తెలిసేసరికి గుట్ట ఎక్కి ఉంటుంది. కనుక గ్రామసభల్లో ఈ విషయం వెంటనే చర్చకు రావలసి ఉంది.